ఈటా ఏరు దాటిన రోజు

ఐర్లండ్‌లో మంచు సరిగ్గా పడదు. పడినా, పిల్లలు గ్లవ్స్ వెతుక్కుని బయటికొచ్చేలోపే కరిగి బురదైపోతుంది. అలాంటి దేశంలో, మెడలో అయ్యప్ప మాలతో, మంచుబండ్లు లాగే కుక్కల వెంట నడిచొచ్చానని చెబితే మా ఆఫీసులో సగంమంది నమ్మలేదు. మిగతా సగం "గ్రాండ్" అన్నారు. ఇక్కడ ఆ మాటకి పెద్ద అర్థమేమీ లేదు. టీ చల్లారినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే.

నిజానికి నేను వెళ్లాల్సింది శబరిమలకి. డబ్లిన్ శివార్లలో చెర్రీవుడ్‌లో మా అపార్ట్‌మెంట్ల చుట్టుపక్కల ఏటా మాల వేసుకునేవాళ్లం ఏడుగురం ఉన్నాం. పీఠం శేషు గురుస్వామి గారి ఫ్లాట్‌లో పెడతాం. ఈసారి అందరూ జనవరికి టికెట్లు తీసుకుంటుంటే నా రెసిడెన్స్ కార్డు రెన్యూవల్‌లో ఇరుక్కుంది. అది చేతికి రాకుండా దేశం దాటితే మళ్లీ లోపలికి రానిస్తారో లేదో తెలియదు. మాల మెడలో ఉంది, కొండ మాత్రం అందదు. ఆ రోజు ఆఫీసు నుంచి వస్తూ లువాస్ ట్రాములో నిలబడి ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

గురుస్వామి గారు నా ముఖం చూసి, "అడవిలో నడవాలి, చలికి ఓర్చుకోవాలి, అంతే కదా స్వామీ. ఎక్కడో ఒకచోట అడవి చూసుకుని నడిచి రా. ఇక్కడి గుళ్లోనే మాల తీద్దాం," అన్నారు.

అడవి ఎక్కడుందో చెప్పింది మా టీమ్‌లో పనిచేసే డెక్లన్. నల్లచొక్కా వేసుకుని, టేబుల్ కింద బూట్లు విప్పి కూర్చుంటున్న నన్ను రెండు వారాలు చూసి చూసి, చివరికి సంగతేమిటని అడిగాడు. అంతా విని, "మా మేనత్తకీ నీకూ బాగా కుదురుతుంది," అన్నాడు. ఆవిడ పేరు నోరా. మేయో కౌంటీలో కొండల కింద ఒక్కత్తే ఉంటుంది. ఏటా క్రిస్మస్‌కి ముందు తన కుక్కలతో పాత పశువుల దారిన అడవి దాటుతుంది. ఈ ఏడు మోకాలు బాగాలేదు, ఎవరైనా తోడొస్తే బాగుండునని చూస్తోంది.

"కుక్కలంటే ఎలాంటివి?" అన్నాను.

"పెద్దవి," అన్నాడు డెక్లన్.

మా ఆవిడ సునీత ఈ మాట విని ఒక పూటంతా నవ్వింది. "స్వామి గారూ, ఎదురుగా పొమెరేనియన్ వస్తే రోడ్డు దాటే మనిషి మీరు. గుర్తుందా?" అంది. మాలలో ఉన్నవాణ్ణి తిట్టకూడదు కాబట్టి, మండలం రోజులూ స్వామి గారూ అంటూనే తిడుతుంది.

కాజిల్‌బార్‌లో భిక్ష

డబ్లిన్ స్టేషన్‌లో పాలు లేని టీ, ఒక అరటిపండు కొంటే ఐదు యూరోలు దాటింది. తణుకు బస్టాండులో ఆ డబ్బుతో నా చుట్టూ నిలబడ్డవాళ్లందరికీ టీ పోయించవచ్చు. ఈ దేశమొచ్చి పదేళ్లయినా ఈ పోలిక మానలేకపోతున్నాను. రైలు పడమటికి పోయేకొద్దీ పొలాల మధ్య కంచెలు పోయి రాతి గోడలొచ్చాయి, మనుషుల మాట నెమ్మదించింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నా మాల చూసి, తన మెడలోంచి ఒక చిన్న పతకం పైకి తీసి చూపించి, మళ్లీ లోపల వేసుకున్నాడు. ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

కాజిల్‌బార్‌లో సునీతకి చెల్లెలి వరసైన రాధిక ఉంది. అక్కడి పెద్దాసుపత్రిలో ఫార్మసిస్టు. స్వామికి భిక్ష పెట్టే భాగ్యం ఈ ఊళ్లో మళ్లీ ఎప్పుడొస్తుందో అని సెలవు పెట్టి మరీ వండింది. ఉల్లి, వెల్లుల్లి లేని పప్పుచారు, బూడిదగుమ్మడి దొరక్క దోసకాయనుకుని కొన్న జుకినీతో కూర. ఐదేళ్ల కొడుకు గుమ్మం పట్టుకుని నన్ను చాలాసేపు చూశాడు.

"ఈజ్ హీ ఎ ప్రీస్ట్, మామ్?"

"కాదు నాన్నా, పెదనాన్న."

"దెన్ వై హాజ్ హీ నో షూస్?"

రాధిక నా వైపు చూసి, "తెలుగంతా అర్థమవుతుంది బావగారూ, నోట్లోంచి మాత్రం మేయోనే వస్తుంది," అంది. పిల్లవాడు నా పాదాల దగ్గరికి వచ్చి ఒక వేలు ముట్టి చూసి, చల్లగా ఉందని వాళ్లమ్మకి ఇంగ్లీషులోనే ఫిర్యాదు చేశాడు.

చేపల వాసన వ్యాన్

నోరా వ్యాన్ రాకముందే దాని వాసన వచ్చింది. ఎండుచేపలు, తడిసిన ఉన్ని, డీజిలు. మాలలో నీచు తగలకూడదు, మరి ఇందులో ఎలా కూర్చోవడమా అని నేను సందేహిస్తుండగానే ఆవిడ కిటికీ దించి, ముందుసీటు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉందని చూపించింది. డెక్లన్ అన్నీ చెప్పాడట. పొట్టి మనిషి, తెల్లజుట్టు, మగవాళ్ల వానకోటు.

"థాంక్యూ ఆంటీ," అన్నాను, నోటి అలవాటు.

"డెక్లన్ తప్ప నన్ను ఆంటీ అనేవాళ్లు లేరు. వాడు కూడా డబ్బు కావాల్సి వస్తేనే అంటాడు," అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు దిద్దినా నేను మారలేదు, ఆవిడే ఊరుకుంది.

నా కాళ్లకి ఉత్త చెప్పులే ఉండటం చూసి ఆవిడ ఆశ్చర్యపోలేదు. దూరంగా మబ్బులోంచి పొడుచుకొచ్చిన ఒక కొండ చూపించి, వాళ్లమ్మ ఏటా ఎండాకాలంలో దాన్ని ఉత్తకాళ్లతో ఎక్కేదని చెప్పింది. పదునైన రాళ్లట. "కిందికొచ్చాక కాళ్లు చూసుకునేది కాదు. టీ అడిగేది," అంది. డబ్లిన్‌లో నా కాళ్లు చూసి డాక్టరు దగ్గరికి వెళ్లమన్నవాళ్లే అందరూ. ఇక్కడికి రాగానే అది వాళ్లింటి సంగతైపోయింది.

దారిలో ఎదురొచ్చిన ప్రతి కారువాడూ స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలెత్తి పలకరించాడు. తెలిసినవాళ్లా అంటే కాదంది. మా వైపు ఎదురొచ్చే బండిని హారన్‌తో పలకరిస్తామని చెప్పాను. అంత శబ్దం దేనికని అడిగింది.

పుణ్యాత్ముల పేర్లు

ఆ కుక్కలు మొరగవు. గొంతెత్తి కూస్తాయి. వ్యాన్ దిగీ దిగగానే మూడు గొంతులు ఒక్కసారి లేచేసరికి నేను మళ్లీ లోపలికెక్కి తలుపు వేసుకున్నాను. దాని గురించి ఇంతకంటే చెప్పదలుచుకోలేదు.

నోరా వాళ్ల అన్నయ్య మతగురువుగా ఉత్తర ధ్రువం దిక్కున, కెనడా మంచుపల్లెల్లో ముప్పై ఏళ్లున్నాడట. అక్కడివాళ్లకి వేల ఏళ్లుగా ఈ కుక్కలే బండి, ఇవే కాపలా, ఇవే వేటకి తోడు. చలికాలం బండి లాగుతాయి, మంచు కరిగిన రోజుల్లో వీపున సంచులు మోస్తాయి. తర్వాత మంచు మీద నడిచే మోటారు బళ్లు వచ్చాయి, కుక్కలు తగ్గిపోయాయి. ఆయన తిరిగొచ్చేటప్పుడు ఒక ముసలి వేటగాడు తన దగ్గర మిగిలిన వాటిలోంచి ఒక జంటనిచ్చి, ఒకటే మాట తీసుకున్నాడు. వీటిచేత పనిచేయించాలి. పని చేయలేనిదానికి పిల్లలు పుట్టించకూడదు.

"బరువు మోస్తేనే ఆ జాతి. మోయకపోతే సోఫా మీద బొమ్మ. చూడ్డానికి అలాగే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు," అంది నోరా. అన్నయ్య పోయి చాలా ఏళ్లైంది. కుక్కలూ మాటా ఈవిడకి మిగిలాయి.

ఏ కూన ఏ రోజు పుడితే, చర్చి లెక్కలో ఆ రోజు ఏ పుణ్యాత్ముడిదైతే ఆ పేరు పెడుతుంది. బ్రెండన్ మగది, పెద్దది, కళ్లు మసకబారుతున్నాయి. గోబ్‌నెట్ ముసలిది, పొయ్యి దగ్గర నుంచి కదలదు. మిగిలింది ఈటా. ఐదు దాటి ఆరో ఏడు. తెలుపులో బూడిదరంగు మచ్చలు, వీపు మీదికి చుట్టిన తోక, మనిషిని తేరిపార చూసే కళ్లు. ఇంకొన్నాళ్లు పోతే దానికీ ఈడు దాటుతుంది. నార్వేలో ఇదే జాతిని పెంచే ఒకాయన జనవరిలో మగకుక్కని తీసుకొస్తానన్నాడు. కానీ నోరా నియమం ఒకటుంది. సంచి మోస్తూ అడవి దాటని ఆడకుక్కని జత కట్టనివ్వదు. ఈటా రెండేళ్లు వరసగా నడుమ ఉన్న ఏటి దగ్గర ఆగిపోయింది. ఈసారీ ఆగితే నార్వే ఆయన్ని రావద్దంటుంది. ఈటాతోనే ఆ వేటగాడిచ్చిన వంశం ఆఖరు.

కుక్కని ముట్టుకుంటే మాలకి దోషమా అని గురుస్వామి గారికి ఫోన్ చేశాను. "దత్తాత్రేయుడి కాళ్ల దగ్గర నాలుగున్నాయి. నీతో వచ్చేవి రెండే కదా. పొద్దున ఎలాగూ తలస్నానం చేస్తావు, ఇంకేంటి నీ గోల," అన్నారు.

ఆ సాయంత్రం నోరా కుక్కలకి గొడ్డు పేగులు కోస్తుంటే నేను ముక్కు మూసుకుని పెరటి అవతలికి పోయి పులిహోర కలిపాను. ఆవిడ తొక్కతో ఉడికించిన బంగాళాదుంపలు, వెన్న పెట్టింది. మాలలో ఉన్నవాడికి పరాయి ఇంట బంగాళాదుంపంత భరోసా ఇంకోటి లేదు. ఆవిడ పులిహోర రుచి చూసి, అన్నంలో నిమ్మకాయేమిటని అడిగి, మళ్లీ పెట్టించుకుంది. టీలో మాత్రం పంచదార వేసుకోలేదు. క్రిస్మస్ దాకా తీపి ముట్టదట, అది ఆవిడ నోము. నేను పెరటి కుళాయి కింద చన్నీళ్లు పోసుకుంటుంటే కిటికీలోంచి చూసి, "మా తాత కూడా ఇలాగే ఒణికేవాడు. పుణ్యం వచ్చిందో లేదో కానీ జలుబొచ్చేది," అంది.

పాత పశువుల దారి

బయల్దేరేముందు ఇంటి వెనక ఉన్న ఒక పుణ్యబావి చుట్టూ తిరిగాం. సూర్యుడు తిరిగే దిక్కునే తిరగాలి, చుట్టుకో గులకరాయి గట్టు మీద పెట్టాలి. ఎడమవైపు నుంచి తిరిగితే అశుభమట. మా గుళ్లో ప్రదక్షిణం కూడా ఇటువైపే అన్నాను. "మరి ఇంకెటు తిరుగుతారు?" అంది, అదేదో లోకమంతటికీ తెలిసిన సంగతైనట్టు.

ఒకప్పుడు సంతకి పశువుల్ని తోలుకెళ్లిన దారి అది. పేరుకే అడవి, కొండల మధ్య చెట్టన్నది లేని నేల. దాన్ని బాగ్ అంటారు. పైకి గడ్డిలా కనిపిస్తుంది, కాలేస్తే నానిన నాచు. చెప్పులు సంచిలో పెట్టి సునీత బలవంతాన కొనిచ్చిన బూట్లు తొడుక్కున్నాను. బ్రెండన్ పగ్గం నోరా చేతిలో, ఈటా పగ్గం నా చేతిలో. రెండింటి వీపుల మీదా చెరోపక్క వేలాడే జోడు సంచులు. చేపలూ మాంసమూ బ్రెండన్ మీద వేసి, నా కోసం ఈటా మీద ఓట్స్, కెటిల్, గుడారం గుడ్డ వేసింది. ఇంత పట్టింపు నా సొంతవాళ్లు కూడా పాటించరు.

గుట్ట మీద బైకు లాంటి బండి మీద గొర్రెల ఆసామి ఎదురయ్యాడు. కుక్కల్ని చూసి, "కట్టే ఉన్నాయా నోరా?" అన్నాడు.

"ఎప్పుడూ కట్టే ఉంటాయి."

ఆయన నా నల్లబట్టలు, మాల, నుదుటి మీద తడిసి కారుతున్న విభూతి చూశాడు. "ఈయన మన చర్చి మనిషేనా?"

"వేరే పుణ్యాత్ముడి మనిషి. కొండమీద ఉంటాడట ఆయన కూడా," అంది నోరా. ఆసామి తలూపి, వాన వస్తుందని చెప్పి పోయాడు. ఇక్కడ వాన వస్తుందని చెప్పడం పలకరింపు కిందే లెక్క.

ఆ తర్వాత కాసేపటికే నేను తొడ దాకా దిగబడ్డాను. ఒక కాలు గట్టి నేల మీద, ఇంకోటి ఐర్లండ్ గర్భంలో. కేకేద్దామంటే నోరా మలుపు తిరిగిపోయింది. ఈటా నా ముఖంలోకి చూసి, వెనక్కి రెండడుగులు వేసి, పగ్గం బిగించి నిలబడింది. లాగలేదు, గుంజలేదు. బరువంతా వెనక్కి వేసి ఊరికే నిలబడింది. ఆ పగ్గం పట్టుకుని నేను పైకి పాకాను. బురదలో బోర్లా పడుకుని ఉన్నప్పుడు వచ్చి నా చెవి నాకింది. నలభై మూడేళ్లలో నన్నొక కుక్క నాకడం అదే మొదటిసారి. భయం వేయలేదు. "థాంక్స్ ఈటాస్వామీ," అన్నాను. మాలలో దోమని కూడా స్వామీ అంటాం, నన్ను బురదలోంచి లాగినదాన్ని ఎందుకనకూడదు.

చీకటి నాలుగింటికే పడింది. దారి నడుమ బాటసారుల కోసం కట్టిన చెక్కగుడిసె ఉంది. నోరా జపమాల తిప్పుతూ తన ప్రార్థన చేసుకుంది, నేను నా శరణుఘోష మొదలుపెట్టాను. స్వామియే అనేసరికి బ్రెండన్ గొంతెత్తింది, శరణమయ్యప్ప దగ్గర ఈటా అందుకుంది. చెర్రీవుడ్‌లో ఏడుగురం కలిసి అరిచినా అంత నిండుగా రాదు. నోరా నవ్వు ఆపుకోలేక జపమాల ఒళ్లో పెట్టుకుని, "ఇన్నేళ్లుగా నా ప్రార్థనకి ఒక్కటీ గొంతు కలపలేదు," అంది.

సంచి

తెల్లారాక నోరా తన మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుని, తాను నెమ్మదిగా ముందు నడుస్తుంటానని బ్రెండన్‌తో బయల్దేరింది. గుడిసె ఊడ్చి, ఈటాకి సంచి కట్టి వెనక రమ్మంది.

సంచి ఎత్తితే బరువుగా ఉంది. నా వీపున ఉన్నవి ఒక దుప్పటి, రెండు పంచెలు, బియ్యం. ఇరుముడి ఎవరిది వాళ్లే మోయాలి, మన బరువు ఇంకొకరి మీద వేస్తే ఆ యాత్ర మనది కాదని మొదటిసారి మాల వేసినప్పుడే గురుస్వామి గారు చెప్పారు. అలాంటిది, నిన్న నన్ను బురదలోంచి పైకి తీసిన నోరులేని జీవి నా కెటిల్ మోస్తూ ఉంటే నేను చేతులూపుకుంటూ వెనక నడవాలా? నాకు మనసొప్పలేదు. ఓట్స్, కెటిల్, గుడారం గుడ్డ తీసి నా నల్ల తువ్వాల్లో మూట కట్టి తలకెత్తుకున్నాను. దాని సంచులు మరీ వేలాడకుండా చెరోపక్కా ఒక పంచె కుక్కాను. ఈటా వాటిని వాసన చూసి, నా వంక చూసింది. బరువు తగ్గినందుకు సంతోషపడుతోందనుకున్నాను. తలమీద మూట పడేసరికి నాకు మాత్రం నిజంగా శబరిమల వెళుతున్నట్టే ఉంది, అంత హాయిగా నడిచాను.

ఏటి దగ్గరికి వచ్చేసరికి నోరా, బ్రెండన్ అవతలి గట్టున ఉన్నారు. నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి. బూట్లు విప్పి దిగాను. ఈటా ఒక్క క్షణం కూడా ఆగలేదు. నా పక్కనే నీళ్లలో దిగి, నాకంటే ముందు గట్టెక్కి ఒళ్లు దులుపుకుంది.

"దాటింది ఆంటీ," అని అరిచాను. ఈ మాట కోసమే కదా ఇంతదూరం వచ్చింది.

నోరా కూర్చున్న రాయి మీద నుంచి లేవలేదు. నా తలమీద మూట చూసింది. చేయి చాచి ఈటా సంచి తడిమింది. పంచె బయటికి లాగి చూసింది. ఆవిడ ముఖంలో కోపం లేదు, సంతోషమూ లేదు.

"ఇందులో ఉండాల్సినవి ఏవి?"

నేను గర్వంగానే మూట దించి చూపించాను, మా పద్ధతి కూడా చెప్పాను. ఆవిడ అంతా విని, "నీ యాత్ర నువ్వు చేశావు. దాని యాత్ర అది చేయలేదు. దాని పని నువ్వు తీసేసుకున్నావు," అంది.

"ఏరు దాటింది కదా ఆంటీ. ఇక్కడ చూసినవాళ్లు కూడా ఎవరూ లేరు."

"నేను చూశాను," అంది.

ఈ చలిలో, ఈ దేశంలో, నా మాలని కూడా ఎవరూ చూడరు. ఒక చికెన్ పఫ్ తిన్నా అడిగేవాళ్లు లేరు. తినను కదా. ఈ మాత్రం అర్థం కావడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది, అంతే. ఆవిడ మోకాలు మళ్లీ నీళ్లలో దిగే స్థితిలో లేదు. ఈటాని తీసుకుని నేనే వెనక్కి బయల్దేరాను. "లాగొద్దు, నెట్టొద్దు. రాకపోతే వదిలెయ్, అంతే," అని చెప్పి, ఆవిడ ఏటికి వీపు పెట్టి రాయి మీద కూర్చుని జపమాల తీసింది.

ఏరు

వెనకగట్టున ఓట్స్, కెటిల్, గుడారం గుడ్డ మళ్లీ ఈటా సంచిలో సర్దాను. నా దుప్పటీ పంచెలూ మూటగట్టి నా తలమీద పెట్టుకున్నాను. ఎవరి బరువు వాళ్లది. నీళ్లలో దిగాను. పగ్గం బిగిసింది.

ఈటా ఆగిపోయింది.

ముందుకాళ్లు నీళ్ల అంచున పెట్టి నన్నే చూస్తోంది. బతిమాలాను. తెలుగులో, ఇంగ్లీషులో. కాళ్లు కొయ్యబారుతున్నాయి. ఆ కెటిల్ ఒక్కటి తీసేస్తే వస్తుందేమో, గుడ్డ ఒక్కటి తీస్తే వస్తుందేమో అని చేయి రెండుసార్లు సంచి మీదికి పోయింది. నోరా ఇటు చూడటం లేదు కూడా. తీయలేదు. అదేదో నా గొప్ప అనుకోకండి, తీస్తే ఆవిడ ముందు నిలబడలేను.

ఇరుముడి తలకెత్తుకుని గడప దాటాక వెనక్కి తిరిగి చూడకూడదు. ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నా చూడకూడదు. తిరిగి చూస్తే వెనకున్నవాళ్ల భయం మనకి పట్టుకుంటుంది, మన భయం వాళ్లకి పట్టుకుంటుంది. అది తలపుకొచ్చి పగ్గం ఈటా వీపు మీద వేసేశాను. చుట్టుపక్కల గొర్రెలు లేవు. "స్వామియే శరణమయ్యప్ప," అనుకుంటూ ముఖం అవతలి గట్టువైపు పెట్టి నడిచాను. ప్రతి అడుగుకీ తిరిగి చూడాలని మెడ లాగేసింది. వెనక చప్పుడేదీ వినిపించలేదు, నీళ్ల హోరు తప్ప. గట్టెక్కాను. అప్పుడూ తిరగలేదు, తిరగడానికి భయం వేసింది. అది అక్కడే నిలబడి ఉంటే ఈ ముసలావిడకి ఏం చెప్పాలి? ఇటు నోరా వీపు, అటు నా వీపు. మా ఇద్దరి మధ్య బ్రెండన్ ఒక్కటే ఏటివైపు చూస్తూ కూర్చుంది.

మసకకళ్లతో అది దేన్నో చూసింది. చెవులు లేచాయి. తోక నేలని ఒకసారి కొట్టింది, మళ్లీ కొట్టింది, ఆ తర్వాత ఇక ఆగలేదు.

ఆ వెంటనే నా పిక్కల మీద చల్లటి నీళ్లు పడ్డాయి. ఈటా మా నడుమ నిలబడి ఒళ్లంతా దులుపుకుంటోంది. సంచులు నిండుగా, నీళ్లు కారుతూ, ఎక్కడివక్కడ ఉన్నాయి. బురదలోనే మోకాళ్ల మీద కూర్చుని దాన్ని కౌగిలించుకుని ఏడ్చాను.

నోరా సంచి తడిమి చూసింది. కెటిల్ మీద చేయి ఆగింది. ఆవిడ కూడా ఏడుస్తోంది, కానీ అది నా ఏడుపులాంటిది కాదని కాసేపటికి తెలిసింది.

"నువ్వు మంచివాడివి మురళీ, నీకు అబద్ధం చెప్పను," అంది. "పోయిన రెండేళ్లూ ఇది ఇక్కడ ఆగిపోయినప్పుడు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆగితే నేను మాట తప్పినట్టు కాదు కదా. జాతి దానంతటదే అయిపోయిందని చెప్పుకోవచ్చు. ఇంటికెళ్లి పొయ్యి దగ్గర కూర్చోవచ్చు. ఇందాక ఖాళీ సంచితో దాటితే నాకు కోపం రాలేదు, ఊపిరొచ్చింది. లెక్కలోకి రాదు కదా అని. నిన్ను మళ్లీ పంపింది ఆగిపోతుందనే."

నా చేయి ఇంకా ఈటా మెడ మీదే ఉంది.

"ఇది నీళ్లకి భయపడలేదు. ఇది దాటకూడదని నేననుకుంటుంటే దానికి తెలిసిపోయింది, అందుకే ఆగింది. పాపం, నా మాట విన్నది," అని ఈటా తల నిమిరింది. "ఇప్పుడు నార్వే ఆయన వస్తాడు. కూనలు పుడతాయి. పన్నెండేళ్లు నడిపించాలి వాటిని. నాకు డెబ్బై ఒకటి."

మా ఇంట్లో అయితే ఇలాంటప్పుడు, అంతా ఆయనే చూసుకుంటాడు, అనేస్తాం. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుడ్డ కట్టిన ఆ మోకాలు చూశాక బయటికి రాలేదు.

"నేనొస్తాను," అన్నాను.

"ఎప్పుడు?"

"ఏటా."

"డబ్లిన్ నుంచా?"

"డబ్లిన్ నుంచే. శబరిమల కంటే దగ్గరే కదా ఆంటీ."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఆలోచించి చెప్పు. మా అన్న కూడా ఇలాగే, కాళ్లు తడిసి, మనసు నిండిపోయి ఉన్నప్పుడే మాటిచ్చాడు. తర్వాత మోసింది నేను."

ఆలోచించాను. సెలవులు, సునీత, ప్రాజెక్టు రిలీజులు, ఈ వాన, ఈ బురద, ఆ చేపల వ్యాన్. అన్నీ గుర్తొచ్చాయి. ఈటా నా కాలికి ఆనుకుని వెచ్చగా నిలబడి ఉంది.

"ఆలోచించే చెప్తున్నా," అన్నాను.

నోరా కర్ర మీద ఆనుకుని లేచింది. నేను చేయి అందిస్తే పట్టుకోలేదు. జపమాల జేబులో వేసుకుని, బ్రెండన్ పగ్గం తన మణికట్టు నుంచి విప్పింది. విప్పడానికి కొంచెం సేపు పట్టింది, చలికి వేళ్లు పనిచేయడం లేదు. దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

"అయితే దీన్ని కూడా నువ్వే పట్టుకో," అని, ఖాళీ చేతులతో ముందు నడిచింది.